తెక్లా నిలబడ్డ గేటు

తెక్లా ఒకరి గేటు దగ్గర నిలబడిందంటే ఆ ఇంటికి మూడినట్టేనని మా ఊళ్ళో అందరికీ తెలుసు. పొద్దున్నే ఆరింటికి, ఆవుల్ని మందలోకి తోలే వేళకి, తెల్లకోటు మీద మొగుడి పాత స్వెట్టరు తగిలించుకుని, చేతిలో మూత డబ్బీ పట్టుకుని నిలబడేది. లోపలికి రమ్మంటే రాదు. కుర్చీ వేస్తే కూర్చోదు. "ఇక్కడే దగ్గు. నేను చూస్తుండగా దగ్గు" అనేది. ఆ దగ్గు రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ వినపడేది. మధ్యాహ్నానికల్లా ఆ ఇంటివాళ్ళకి క్షయ ఉందో లేదో జిల్లా ల్యాబులో యంత్రం చెప్పక ముందే ఊరు చెప్పేసేది.

ప్రూత్ ఏటి ఒడ్డున, మోల్దోవాలో, మాది ద్రాక్షతోటల ఊరు. ఆ ఊరికి తెక్లా ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నర్సు. అవతలివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. పాలలో నీళ్ళు, సంతలో తూకం, పాద్రీగారి ఉపవాసం, దేన్నీ నమ్మేది కాదు. అన్నిటికన్నా జనం ఇచ్చే కళ్ళెను అసలు నమ్మేది కాదు.

పుట్టుకతోనే అలాంటిదేం కాదు. ఉద్యోగంలో చేరిన ఏడాది జహారియా అని ట్రాక్టరు డ్రైవరు ఉండేవాడు. రెండు నెలలుగా దగ్గుతున్నాడు. తెక్లా అతని చేతికి డబ్బీ ఇచ్చి, "రేపు పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, గుండెల్లోంచి దగ్గి ఇందులో ఉమ్మి పట్టుకురా అన్నా" అంది. పట్టుకొచ్చాడు. జిల్లా నుంచి ఏ రోగమూ లేదని కాగితం వచ్చింది. తెక్లా సంతోషించింది. ఈస్టరు వచ్చేసరికి జహారియాను పాతిపెట్టారు. ఆ డబ్బీలోది అతని తమ్ముడిదట. జబ్బని తేలితే ట్రాక్టరు ఎక్కనివ్వరని భయపడ్డాడట. సమాధి దగ్గర ఉడికించిన గోధుమలు పంచుతూ అతని పెళ్ళాం తెక్లా చేతిలో ఒక చెంచా పోసి, "నువ్వు ఒక్కసారి వచ్చి పక్కన నిలబడి చూసుంటే నా మొగుడు బతికేవాడు తల్లీ" అంది. ఆ ఏడాదే వాళ్ళ పిల్లలిద్దరికీ అదే జబ్బు తేలింది.

ఆ గోధుమలు ముప్ఫై ఏళ్ళుగా తెక్లా గొంతు దిగలేదు. అప్పటినుంచి ఎవరి డబ్బీ అయినా సరే, కళ్ళారా చూడకుండా మూత పెట్టలేదు.

ఆ ఏడు ఆగస్టు చివర సవేతకు దగ్గు పట్టుకుంది. సవేత పక్కింటి మనిషి, బాలవాడిలో వంట చేస్తుంది. ఆమె కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు బిడ్డను చేతుల్లో ఎత్తుకున్నది తెక్లాయే. మా వైపు ఆ వరస రక్తసంబంధం కన్నా గట్టిది. ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుంటూ కంచె మీంచి వెల్లుల్లి, వార్తలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. అలాంటి సవేత మూడు వారాలు దగ్గేసరికి తెక్లా డబ్బీ పట్టుకుని వెళ్ళి గేటు దగ్గర నిలబడింది.

"వదినా, నీకు పుణ్యముంటుంది, లోపలికి రా. వంటింట్లో దగ్గుతా. రోడ్డు మీద అందరూ చూస్తున్నారు" అంది సవేత.

"చూడనీ. వంటింట్లో తలుపేసుకుని నువ్వేం చేస్తావో నాకేం తెలుసు?"

"నేను నిన్ను మోసం చేస్తానా? నా బిడ్డను ఎత్తుకున్నదానివి!"

"జహారియా నన్ను చెల్లెమ్మా అనేవాడు."

"చచ్చినవాడితో నన్ను పోలుస్తావా, పొద్దున్నే? నీ నోట్లో మన్నుపడ!" అని సవేత శిలువ గుర్తు వేసుకుంది. పాల క్యాన్లతో పోతున్న ఆడవాళ్ళు ఇద్దరు నడక తగ్గించారు. ఒకామె కాలిలో ముల్లు దిగినట్టు వంగి, లేని ముల్లు తీసుకుంది. సవేత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డబ్బీ లాక్కుని గేటు పట్టుకుని దగ్గింది. తెక్లా మూత బిగించి, పొడిగుడ్డతో తుడిచి, మీద పేరూ తేదీ రాసుకుంది.

ఆరోగ్య కేంద్రం తలుపు ఎనిమిదికి గానీ తెరవరు. జిల్లాకు పోయే మినీబస్సు ఎనిమిదిన్నరకు. ఎండల్లో డబ్బీలు పాడవకూడదని తెక్లా ఆ రెండు గంటలూ వాటిని ఒక చెక్కపెట్టెలో పెట్టి, తన ఇంటి నేలమాళిగలో రెండో మెట్టు మీద ఉంచేది. ఊళ్ళో ఎవరినీ నమ్మని మనిషి తన నేలమాళిగను మాత్రం నమ్మింది.

ఆ నేలమాళిగకు దొర ఆమె మొగుడు త్రిఫోన్. వైను పీపాల మధ్య పుట్టి పెరిగిన మనిషి, నవ్వితే మీసం కన్నా ముందు పొట్ట కదిలేది. మా ఊరి మగవాళ్ళు ఆరుగురు సాయంత్రాలు అక్కడే చేరేవాళ్ళు. మా పద్ధతిలో గ్లాసు ఒక్కటే ఉంటుంది. పోసేవాడు ముందు తను తాగి, మళ్ళీ నింపి పక్కవాడికి ఇస్తాడు, అది చేతులు మారుతూ తిరుగుతుంది. వేరే గ్లాసు అడిగినవాడు ఆ ఇంటిని అవమానించినట్టే. కొత్త పంటకు ముందు పీపాల్లో గంధకం వెలిగించి పొగ పెడతారు. ఆ పొగకి త్రిఫోన్ ప్రతి ఏడూ దగ్గుతాడు. ఆ ఏడు కాస్త ముందుగా మొదలైంది, అంతే. తెక్లాకి కూడా పొడిదగ్గు వచ్చింది. గంధకమే అనుకుంది.

డబ్బీ పంపిన మర్నాడు జిల్లా నుంచి ఫోను వచ్చింది. సవేత డబ్బీలో క్షయ ఉంది.

తెక్లా ముక్కుకు గుడ్డ కట్టుకుని మళ్ళీ వెళ్ళి ఆ గేటు దగ్గరే నిలబడింది. ముక్కుగుడ్డతో నిలబడ్డాక ఇక చెప్పడానికేం మిగులుతుంది? ఎదురింటి కిటికీలో తెర కదిలింది. సవేత మాత్రం ఏడవలేదు, గుండెలు బాదుకోలేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"లేదు వదినా. అలా అవడానికి వీల్లేదు."

"అందరూ అదే అంటారు."

"కాదు, అందులో ఉండటానికి వీల్లేదు..." అని సవేత టక్కున ఆగి పెదవి కరుచుకుంది. ఆమె కళ్ళు తెక్లా భుజం మీదుగా పక్కింటి వాకిలికేసి పోయి వచ్చాయి. తెక్లా అది గమనించింది. అర్థం చేసుకోలేదు గానీ మనసులో మాత్రం పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే సవేతను బాలవాడి వంటింట్లోంచి పంపేశారు. తల్లులు పిల్లల్ని ఎత్తుకుపోయారు. సవేత కూతురు రొట్టెల కొట్టుకు వెళితే వరసలో ముందున్నవాళ్ళూ వెనకున్నవాళ్ళూ పక్కకు జరిగారు. వండిన గంజి కుండతో సహా పారబోశారట. నిజంగా పారబోశారో లేదో గానీ, చెప్పేవాళ్ళు మాత్రం చూసినట్టే చెప్పారు.

రెండు రోజుల తర్వాత జిల్లా ఆసుపత్రిలో డాక్టరు కోర్నెలియా తెక్లాను పిలిపించింది. బల్ల మీద ఎక్స్‌రే ఉంది.

"చూడు తెక్లా. సవేత ఊపిరితిత్తులు అద్దంలా ఉన్నాయి. ఇక్కడ నా దగ్గర రెండుసార్లు కళ్ళె ఇచ్చింది. రెంటిలోనూ ఏమీ లేదు. ఆమెది ఉత్త జలుబు దగ్గు."

"అయితే మీ యంత్రం తప్పు చెప్పిందన్నమాట."

"మొదటి డబ్బీలో జబ్బు దండిగా ఉంది. యంత్రం ఊరికే కల్పించుకోదు. అది ఎవరో ఒకరిది. సవేతది కాదు."

"నా కళ్ళ ముందు దగ్గింది డాక్టరమ్మా! ఈ రెండు కళ్ళతో చూశాను!"

"అయితే నువ్వు చూశాక ఎక్కడో మారింది" అంది డాక్టరు. "ఇప్పుడు నా బాధ సవేత గురించి కాదు. ఆ కళ్ళె ఎవరిదో ఆ మనిషి మందు లేకుండా మీ ఊళ్ళో తిరుగుతున్నాడు. ఇంట్లోవాళ్ళకీ, పక్కన కూర్చున్నవాళ్ళకీ అంటిస్తున్నాడు. ఎవరో సవేతకు తెలుసు. నేను అడిగితే నేల చూసింది." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "అన్నట్టు, ఆ డబ్బీ మీద పేరు అలుక్కుపోయిందని మా ల్యాబు అమ్మాయి సణిగింది. తడి చేత్తో రాస్తావేం?" అంది.

"నేను పొడి చేత్తోనే రాస్తాను. ముప్ఫై ఏళ్ళుగా."

డాక్టరు ఎక్స్‌రే పక్కన పెట్టింది. "జనం నీకు దొంగ కళ్ళె ఎందుకిస్తారో ఎప్పుడైనా అడిగావా?"

"దొంగలు కాబట్టి."

"గేటు దగ్గర నిలబెడతావు కాబట్టి. డబ్బీ వాళ్ళ చేతికియ్యి. ఎలా తియ్యాలో, ఎందుకు తియ్యాలో కూర్చుని చెప్పు. ఎక్కడ దగ్గాలో వాళ్ళిష్టం. జబ్బు వాళ్ళది. ఫలితం ముందు వాళ్ళ చెవిన వెయ్యి, తర్వాత ఎవరికి చెప్పుకుంటారో వాళ్ళు చూసుకుంటారు."

"మీరు ఊళ్ళో ఉండరు గనక అలా అంటారు."

"మీ ఊరివాళ్ళు నలుగురు నీ కళ్ళుగప్పి బస్సెక్కి నా దగ్గరికి వచ్చి దగ్గి వెళ్ళారు తెక్లా. నలుగురూ తెచ్చింది తమ కళ్ళెనే."

ఆ నలుగురు ఎవరో తెలుసుకోవాలని తెక్లాకు ప్రాణం లాగింది. డాక్టరు చెప్పలేదు. తిరుగు బస్సులో ఒక్కొక్క మొహమే చూస్తూ కూర్చుంది. కిటికీ పక్కనున్న వడ్రంగి ఎఫీమ్ ఆమెను చూసి, వస్తున్న దగ్గును మింగేసి ఎర్రబడ్డాడు.

ఆ వారమంతా తెక్లాది ఒకటే వేట. ఎవడు ఆ మనిషి? ఆదివారం గుళ్ళో కొవ్వొత్తి వెలిగించి, దేవుణ్ణి కాకుండా జనాన్ని చూసింది. మూడు వందల మంది ఉన్న చర్చిలో ఒక్కరు దగ్గితే ఒట్టు. పాద్రీగారికి ధూపం పొగకి గొంతు పట్టుకుంటే, ఆయన కూడా గడ్డంలో కుక్కుకున్నాడు. అందరి మీదా అనుమానమే. సవేత అన్న మీద, సవేత అత్త మీద, మినీబస్సు డ్రైవరు మీద కూడా. పెట్టె మోసేది వాడేగా! సవేతను రెండుసార్లు నిలదీసింది. ఆమె ఒకసారి నీళ్ళు నమిలింది, రెండోసారి తలుపేసుకుంది. తెక్లాకు కోపం కన్నా భయమెక్కువైంది. రాబోయే ఈస్టరుకి మళ్ళీ ఎవరి సమాధి దగ్గరో చెంచాడు గోధుమలు చేతిలో పడతాయని ఆమెకు తెలుసు. ఎవరి చేతి గోధుమలో తెలియడం లేదు.

ఈ గోల చాలదన్నట్టు ఇంట్లో మరొకటి మొదలైంది.

ద్రాక్ష కోతలు వచ్చాయి. ఆ ఆరుగురిలో ఒకడైన ఎఫీమ్ తోటలోంచి బుట్టలు మోస్తూ వాకిట్లో ఆగి, "వదినమ్మా, మీ ఆయన దొరగారైపోయాడు. మా ఎంగిలి పనికిరాదట. రేకుకప్పు ఒకటి తెచ్చుకుని అందులో తాగుతున్నాడు. ఏం, పెద్ద ఉద్యోగమేమైనా వచ్చిందా?" అన్నాడు.

"పన్ను నొప్పిరా. చల్లటి గ్లాసు తగిలితే జివ్వుమంటోంది" అన్నాడు త్రిఫోన్ లోపల్నుంచి.

రేకు కన్నా గాజు చల్లనా? తెక్లా చెవులు రిక్కించింది. ఆ మాటకొస్తే త్రిఫోన్ పది రోజులుగా పెరట్లోని ఎండాకాలపు వంటింట్లో పడుకుంటున్నాడు. గురక పెడుతున్నానని, ఆమె నిద్ర చెడగొట్టడం ఇష్టంలేదని అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా పెట్టిన గురకకు ఇప్పుడు జాలి కలిగిందా? తన గిన్నె తనే కడుక్కుంటున్నాడు. మనిషి కాస్త చిక్కాడు కూడా. మీసం దువ్వుకుంటున్నాడు. చిక్కడం, దువ్వుకోవడం, విడిగా పడుకోవడం, ఈ మూడూ కలిపితే ఏ పెళ్ళామైనా ఏమనుకుంటుంది?

అనుకున్నదే కంటపడింది. ఒకరోజు ఆరోగ్య కేంద్రం నుంచి తొందరగా వచ్చేసరికి, అక్రోటు చెట్టు పక్క కంచె దగ్గర త్రిఫోన్, సవేత మాట్లాడుకుంటున్నారు. సవేత తలగుడ్డ చివరతో కళ్ళు తుడుచుకుంటోంది. అతను ఒక బుట్టెడు ద్రాక్ష కంచె మీద పెట్టి వెంటనే రెండు గజాలు వెనక్కి జరిగాడు. ఎవరూ లేనిచోట అంత దూరంగా నిలబడ్డారంటే ఎంత దగ్గరివాళ్ళో అనుకుంది తెక్లా. ఆమె బుర్ర అలాగే పనిచేసేది.

త్రిఫోన్ తోటలోకి వెళ్ళాక, ఆమె ఈసారి గేటు దగ్గర ఆగకుండా, తోసుకుని సవేత వంటింట్లోకి వెళ్ళింది.

"నా మొగుడితో నీకేం గుసగుసలే?"

సవేత మిరపకాయలు వేయిస్తోంది. గరిటె చేతిలోనే ఉంది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది.

"ఛీ! నీ బుద్ధి తగలెయ్య! నా ఉద్యోగం పోయింది. నా కూతుర్ని కుక్కను చూసినట్టు చూస్తున్నారు. డాక్టరు నాకే రోగమూ లేదని కాగితమిచ్చినా, నువ్వు గేటు దగ్గర ముక్కుగుడ్డతో నిలబడ్డాక ఆ కాగితం ఎవరు నమ్ముతారు? అయినా నేను నోరు విప్పలేదు. ఎందుకనుకున్నావు? మాటిచ్చాను కాబట్టి. మంచిచేసిన మనిషికి మాటిచ్చాను కాబట్టి."

"ఎవరికి?"

"నీకు ఊరందరి గొంతుల్లో ఏముందో తెలుసు. నీ ఇంట్లో ఏముందో తెలీదు. పో వదినా, మీ నేలమాళిగలోకి పోయి అడుగు."

తెక్లా వాకిలి దాటేలోపే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నేలమాళిగ. రెండో మెట్టు. పేరు అలుక్కుపోయిన డబ్బీ. ఆమె పొడిగా తుడిచి పొడిగా రాసిన డబ్బీ, ఆమె పెట్టిన చోటికీ మినీబస్సుకూ మధ్య తడిసింది. ఎవరో దాన్ని కడిగారు. ఆ నేలమాళిగ తాళంచెవి ఇంకొక్కరి దగ్గరే ఉంటుంది. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

మధ్యాహ్నపు ఎండ మెట్ల దాకా వచ్చి ఆగింది. లోపల త్రిఫోన్ పీపా మీద రేకుకప్పు పెట్టుకుని, ద్రాక్షరసం పొంగును గరిటెతో కిందికి నొక్కుతున్నాడు. ఆమె మొహం చూసి గరిటె వదిలేశాడు. లేచి పీపాకు అటువైపు వెళ్ళి నిలబడ్డాడు.

"దగ్గరికి రాకు" అన్నాడు.

"ఎందుకు చేశావు?"

త్రిఫోన్ బుకాయించలేదు. ఆ గుణం అతనికి లేదు. "ఆ పొద్దున సవేత కంచె దగ్గరికొచ్చి ఏడ్చింది. డబ్బీ మీ ఇంట్లోనే ఉందిగా అన్నయ్యా, అందులో రోగముంటే నా బతుకు బజార్న పడుతుంది, ఏదో ఒకటి చెయ్యి అంది. చూడలేకపోయానే. మరుగుతున్న నీళ్ళతో కడిగి నేను దగ్గాను. నేను దున్నలా ఉన్నాను కదా, శుభ్రంగా వస్తుంది, ఆమె గండం గట్టెక్కుతుంది అనుకున్నా. ఇలా నాది బయటపడుతుందని నాకేం తెలుసు?"

"ఒకవేళ సవేతకే నిజంగా ఉండుంటే? జహారియాలా పోయేది కదా!"

"అది తట్టలేదు" అన్నాడు తలవంచుకుని. "ఆమె ఏడుపొక్కటే కనబడింది."

"ఇంతకుముందు ఎంతమందివి మార్చావు?"

"ఇదొక్కటే. శిలువ సాక్షి."

నమ్మాలో లేదో తెక్లాకు తెలియలేదు. నమ్మడం అలవాటు తప్పిపోయిన మనిషి. అంతకన్నా పెద్ద ప్రశ్న మరొకటి అడిగింది.

"నీకు తెలిసి రెండు వారాలైంది. పెళ్ళాం నర్సు. నాకెందుకు చెప్పలేదు?"

"కోతలు అయిపోయాక బస్సెక్కి జిల్లాకు పోదామనుకున్నా. ఒక్కణ్ణే."

"నాకెందుకు చెప్పలేదని అడుగుతున్నా."

త్రిఫోన్ రేకుకప్పును చేతిలో తిప్పాడు. "నువ్వు నన్ను కూడా గేటు దగ్గర నిలబెడతావని."

ఆ మాట తెక్లాకు చెంపదెబ్బలా తగిలింది. కూలబడినట్టు మెట్టు మీద కూర్చుంది. అదే రెండో మెట్టు.

"జబ్బంటే నాకు భయం లేదు" అన్నాడతను. "పొద్దున్నే నువ్వు ఆ డబ్బీ పట్టుకుని బయల్దేరితే నాకు భయం. ముప్ఫై ఏళ్ళుగా నీ పక్కన పడుకున్నా, ఆ డబ్బీ పట్టుకున్న నిన్ను చూస్తే భయమే."

పీపాలో రసం బుడగలు పెడుతూ ఉంది.

"ఆ కప్పేంటి?" అంది చివరికి.

"గ్లాసు తిరిగితే వాళ్ళకి అంటుకోదూ? అందుకే విడిగా."

తెక్లా తల పట్టుకుంది. "పిచ్చి మారాజా! అది గ్లాసుతో రాదు. గాలితో వస్తుంది. కప్పు విడిగా పెట్టుకుని, తలుపు మూసిన ఈ గుహలో ఆరుగురితో మూడేసి గంటలు కూర్చుని కబుర్లాడావు. గ్లాసు మానేసే బదులు తలుపు తెరిచినా బాగుండేది!"

"గాలితోనా? మరి మాకెవరు చెప్పారు? ఏడాదిపాటు తాళం వేసిన గదిలో పడేస్తారని కూడా అంటారు ఊళ్ళో."

"ఎవడన్నాడు? ఇంట్లోనే మాత్రలు మింగడం. ఆరు నెలలు. సరిగ్గా మింగితే పోతుంది."

"నిజంగా పోతుందా?" అన్నాడు త్రిఫోన్. యాభై తొమ్మిదేళ్ళ మనిషి గొంతు చిన్నపిల్లాడి గొంతైపోయింది. "ముప్ఫై ఏళ్ళు ఊరికి డబ్బీ చూపించావు తెక్లా. ఈ ఒక్కమాట ఎవరికీ చెప్పలేదు."

ఆమె చెప్పలేదు. గుర్తుచేసుకుంది, నిజంగానే చెప్పలేదు. దగ్గమంది, మూత పెట్టింది, పేరు రాసింది, అంతే. ఎవరు మోసం చేస్తున్నారో చూడటంలో పడి, ఎవరు భయపడుతున్నారో చూడలేదు. ఆ మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. జహారియా సమాధి దగ్గర కూడా అంత ఏడవలేదు.

"సవేత సంగతి?" అన్నాడు త్రిఫోన్, ఆమె మొహం తుడుచుకున్నాక.

"బాలవాడి నడిపే ఆవిడకు నేనే చెబుతా. డబ్బీ మా నేలమాళిగలో మారిందని, తప్పు నా ఇంట్లో జరిగిందని. ఎవరు మార్చారని అడిగితే మాత్రం చెప్పను."

"ఆ ఆరుగురికి నేనే చెబుతాను. నువ్వు వాళ్ళ గేట్ల దగ్గరికి వెళ్ళకు."

"వెళ్ళను. నువ్వే చెప్పు. కానీ తలుపు తెరిచి చెప్పు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, వాకిట్లో నిలబడి చెప్పు."

మర్నాడు పొద్దున్న ఆరింటికి తెక్లా సంచిలోంచి డబ్బీ తీసి త్రిఫోన్ చేతికిచ్చింది. లేబులు, పెన్ను కూడా ఇచ్చింది. పేరు అతన్నే రాసుకోమంది. ఎలా ఊపిరి పీల్చాలో, ఎలా పట్టి గుండెల్లోంచి దగ్గాలో చెప్పింది.

"ఎక్కడ దగ్గాలి?"

"నీ ఇష్టం."

అతను ఆమెను అనుమానంగా చూశాడు. తర్వాత అక్రోటు చెట్టు దాటి, ద్రాక్షపందిరి వెనక్కి వెళ్ళాడు. తెక్లా వెంట వెళ్ళలేదు. మెడ దానంతటదే అటు తిరగబోతే, గేటు పక్క కంచె కొయ్యను పట్టుకుని రోడ్డువైపే చూస్తూ నిలబడింది. వెనక దగ్గు వినబడింది. ఒకసారి, మళ్ళీ, ఇంకా లోతుగా. అన్నాళ్ళూ ఆ దగ్గు గంధకం పొగ వల్లేనని ఎలా అనుకుందో ఆమెకే అర్థం కాలేదు.

అతను డబ్బీ తెచ్చి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. పాడు అలవాటు ఎక్కడికి పోతుంది? నోట్లోంచి మాట జారిపోయింది.

"నీదేనా?"

త్రిఫోన్ ఒక్క క్షణం చూసి, పొట్ట కదిలేలా నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక, వంగి ఆమె సంచిలోంచి రెండో డబ్బీ తీశాడు.

"మరి నీది? రెండు వారాలకు పైగా వింటున్నా, నువ్వూ దగ్గుతున్నావు. ఇదిగో. ఇక్కడే, గేటు దగ్గరే దగ్గు. నేను చూస్తుంటా."

ఎకసెక్కానికే అన్నాడు. కానీ తెక్లా డబ్బీ అందుకుంది. మూత తీసింది. అప్పుడే రోడ్డు మీద పాల క్యాన్లతో ఆ ఇద్దరు ఆడవాళ్ళూ వస్తున్నారు. నర్సమ్మ సొంత గేటు దగ్గర, డబ్బీతో. ఒకామె నడక తగ్గించింది. రెండో ఆమె వంగి కాలిలో ముల్లు వెతుక్కుంది. కంచె అవతల సవేత బకెట్టు కింద పెట్టి చూస్తోంది.

తెక్లా ఊపిరి పీల్చుకుంది. ఏమీ రాలేదు. మొహమంతా మండింది. మళ్ళీ ప్రయత్నించింది. చిన్న పొడిదగ్గు కూడా రాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వీళ్ళందరూ ఎలా దగ్గారో, అదీ తన ముందు, ఆమె ఊహకు అందలేదు.

త్రిఫోన్ నవ్వు ఆగిపోయింది. అతను తన పెద్ద కోటు విప్పి, రెండు చేతులతో పట్టుకుని, ఆమెకూ రోడ్డుకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. మొహం అటు తిప్పుకున్నాడు.

"పోవే, పందిరి వెనక్కి పో. నేను చూడటం లేదు" అన్నాడు.

కంచె అవతల సవేత కూడా బకెట్టు తీసుకుని, గట్టిగా చప్పుడు చేస్తూ ఇంట్లోకి వెళ్ళిపోయింది.

తెక్లా పందిరి వెనక్కి వెళ్ళింది. అప్పుడు దగ్గింది.